రెండు వాకిళ్ళ పలక

మా తెనాలి ఇంట్లో టీవీ పక్కన ఒక నల్లటి పలక ఉంది. 9.7 అంగుళాల తెర, ముప్పావు కిలోకి రవ్వంత తక్కువ బరువు, వేలు తగిలితే మరక పడే నిగనిగలాడే వీపు. పవర్ బటన్ నొక్కగానే అది పనిలోకి దిగదు. నల్లటి తెర మీద చిన్న తెల్లటి అక్షరాల్లో నాలుగైదు పంక్తులు చూపించి ఆగుతుంది. పైన ఉన్నది వెబ్‌ఓఎస్. కొంచెం కింద సయానోజెన్‌మాడ్, పలకని నడిపించే ఇంకో వ్యవస్థ. మిగిలినవి మరమ్మతుకు వాడేవి, ఆపెయ్యడానికి ఒకటి. శబ్దం పెంచే, తగ్గించే బటన్లతో పైకీ కిందికీ జరిగి, తెర అడుగున ఉన్న బటన్ నొక్కితే కోరుకున్నది మొదలవుతుంది. ఏదీ నొక్కకపోతే పది సెకన్ల తరవాత అదే ఒకదాన్ని ఎంచుకుంటుంది. ఆ పది సెకన్ల గడువు నేను పెట్టిందే.

దాని అసలు పేరు హెచ్‌పీ టచ్‌ప్యాడ్. నాన్న మాత్రం మొదటి రోజు నుంచీ పలక అనే అన్నారు. ఆయన కోసం నేనూ ఇక్కడ పలక అనే రాస్తాను.

2011 ఆగస్టులో నేను టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఉద్యోగం చేస్తున్నాను. 18వ తేదీ గురువారం హెచ్‌పీ ప్రకటన వచ్చింది: వెబ్‌ఓఎస్‌తో నడిచే ఫోన్లూ పలకలూ ఇక తయారు చెయ్యం. టచ్‌ప్యాడ్ అమెరికా దుకాణాల్లోకి వచ్చింది జులై 1న. వేళ్ళ మీద లెక్కపెడితే 49 రోజులు. అదే రోజు ఆ సంస్థ ముఖ్యుడు లియో అపోతెకర్ పర్సనల్ కంప్యూటర్ల వ్యాపారాన్ని విడగొట్టే ఆలోచననూ, అటానమీ అనే బ్రిటిష్ సాఫ్ట్‌వేర్ కంపెనీని వెయ్యి కోట్ల డాలర్లకు పైగా పెట్టి కొనే సంగతినీ చెప్పాడు. నెల తిరిగేసరికి ఆయన ఉద్యోగం పోయి, ఆ కుర్చీలోకి మెగ్ విట్మన్ వచ్చింది. అంతపెద్ద వార్తల మధ్య పలక సంగతి చిన్నదే. కానీ శుక్రవారం రాత్రి నుంచి మా స్నేహితుల మెయిళ్ళన్నీ దాని గురించే. 499 డాలర్లకు మొదలైన 16 జీబీ పలక ఇప్పుడు 99కి, 32 జీబీది 149కి ఇస్తున్నారట.

శనివారం తెల్లారకముందే దుకాణం ముందు నిలబడ్డాను. వరసలో సగం మంది మనవాళ్ళే. నా ముందున్న అబ్బాయి ఏలూరు నుంచి చదువుకోడానికి వచ్చినవాడు, వెనకున్న దంపతులది ఖమ్మం. ఎవర్నడిగినా ఒకటే మాట: ఊరికి పంపించడానికి. అమ్మానాన్నలకి ఇవ్వడానికి. డిసెంబరు సెలవుల్లో సూట్‌కేసులో చాక్లెట్ల పొట్లాలకీ విటమిన్ సీసాలకీ మధ్య చీరల మడతల్లో ప్రయాణం చెయ్యబోయే పలకలవన్నీ. నేను రెండు కొన్నాను. ఒకటి నాకు, ఒకటి ఇంటికి.

బతికుండగా 499కి అడిగేవాడు లేని వస్తువుని, చచ్చిపోయిందని చెప్పాక 99కి ఎగబడి కొన్నారు. ధర ఒక్కటే కారణమని చాలామంది అనుకుంటారు. నాకలా అనిపించదు. ఆ వారం దాన్ని వాడిన ప్రతివాళ్ళూ కాసేపు ఆగిపోయేవారు, ఇంత బాగుందేమిటీ అని. తెరిచిన ప్రతి పనీ ఒక పేకముక్కలా పక్కపక్కన నిలబడుతుంది. వేలితో పక్కకి జరిపితే ఇంకో ముక్క వస్తుంది. అక్కర్లేనిదాన్ని పైకి విసిరేస్తే పోతుంది. సంబంధం ఉన్న ముక్కల్ని ఒకదాని మీద ఒకటి దొంతరగా పెట్టుకోవచ్చు. ఈ రోజు ప్రతి ఫోన్‌లోనూ చేతివేళ్ళకి అలవాటైపోయిన ఈ కదలికను అంతకు రెండేళ్ళ ముందే, 2009లో, పామ్ కంపెనీ తన ప్రీ అనే ఫోన్‌లో చూపించింది.

పామ్ కథ ఇంకా పాతది. 1996లో పైలట్ అనే చేతి పుస్తకంతో అది పేరు తెచ్చుకుంది. దాన్ని రూపొందించిన జెఫ్ హాకిన్స్, యంత్రం కంటే ముందు అదే కొలతలకు ఒక చెక్కముక్క కోసుకుని చొక్కా జేబులో పెట్టుకు తిరిగేవాడు. ఎవరైనా తారీఖు అడిగితే ఆ చెక్క తీసి, పుల్లతో దాని మీద రాస్తున్నట్టు చేసేవాడు. జేబులో ఇముడుతుందా, చేతికి బరువవుతుందా, రోజుకి ఎన్నిసార్లు తియ్యబుద్ధవుతుందని చూసుకోడానికి. వస్తువు పుట్టకముందే దాని వాడకాన్ని అంత శ్రద్ధగా బతికి చూసిన మనిషి మీద నాకు గొప్ప గౌరవం. ఆ శ్రద్ధ వెబ్‌ఓఎస్ దాకా వచ్చిందని నా నమ్మకం. 2010లో హెచ్‌పీ 120 కోట్ల డాలర్లకు పామ్‌ను కొంది. ఆ ఏడాదే, వెబ్‌ఓఎస్ ముఖాన్ని దిద్దిన మటియాస్ డ్యువార్టే గూగుల్‌కు వెళ్ళి ఆండ్రాయిడ్ పనిలో చేరాడు. అంటే మా పలక మీద పోటీ పడబోయే రెండింటిలోనూ ఆయన చేతిపని కొంత ఉంది.

డిసెంబరులో పలకని తెనాలి తీసుకెళ్ళాను. నాన్నకి అప్పుడు డెబ్బై దాటింది. ఆయన పని గురించి చెప్పకపోతే ఈ కథ సగమే. నాన్న కంపోజిటరు. పదహారో ఏట ఒక ప్రెస్సులో చేరి, ముప్ఫై ఏళ్ళకి పైగా సీసం అక్షరాలు కూర్చారు. ఎదురుగా వాలుగా నిలబెట్టిన కేసులు, వందల గడులు, ఎడమచేతిలో స్టిక్కు. ఏ గుణింతానికి ఏ గడిలోకి చెయ్యి వెళ్ళాలో చూడకుండానే వెళ్ళేది. డీటీపీ వచ్చాక ఆ ప్రెస్సు సీసాన్ని కిలోల లెక్కన అమ్మేశారు. నాన్న ఆ తరవాత ఇంకో పదేళ్ళు ప్రూఫులు దిద్దారు. ఇప్పటికీ పెళ్ళి శుభలేఖ చేతికిస్తే ముహూర్తం కంటే ముందు ఒత్తులు చూస్తారు.

ఆయన చేతికి పలక ఇచ్చి, తెలుగు వికీపీడియా తెరిచాను. తెర నిండా డబ్బాలు. వరసగా, చక్కగా, ఒకే కొలతతో పేర్చిన ఖాళీ డబ్బాలు. మన దేశంలో అమ్మకానికి రాకముందే తయారీ ఆగిపోయిన వస్తువు అది, తెలుగు లిపిని దాంట్లో పెట్టే రోజు రానే లేదు. నేను కొనేటప్పుడు ఈ సంగతి ఆలోచించకపోవడం నా పొరపాటు. నాన్న కళ్ళజోడు సవరించుకుని ఆ డబ్బాలను కాసేపు చూశారు. "కేసు ఉంది గాని అక్షరాలు పొయ్యలేదమ్మాయ్," అన్నారు.

అమ్మకి మాత్రం పలక తెగ నచ్చింది. వెబ్‌ఓఎస్‌లో స్కైప్ విడిగా వేసుకోవాల్సిన పని లేదు, ఫోన్ చేసే చోటే కలిసిపోయి ఉంటుంది. నా పేరు మీద వేలు పెడితే చాలు, ఇర్వింగ్‌లో నా మొహం కనబడేది. ఆదివారం ఉదయం తెనాలిలో ఎనిమిదింటికి, అంటే నాకు శనివారం రాత్రి, అమ్మ పలకని బియ్యం డబ్బాకి ఆనించి పెట్టి కూరలు తరుగుతూ మాట్లాడేది. వెనక కెమెరా లేని పలక అది, ముందు ఒక్కటే, 1.3 మెగాపిక్సెళ్ళది. మాకది చాలు.

ఈలోపు అమెరికాలో ఇంకో పని జరుగుతోంది. 99 డాలర్ల పలకలు ఇన్ని లక్షల చేతుల్లోకి ఒక్కసారిగా వెళ్ళేసరికి, దీంట్లో ఆండ్రాయిడ్ ఎక్కించగలమా అన్న ప్రశ్న పుట్టింది. మొదట ఎక్కించినవాళ్ళకి 1,500 డాలర్ల బహుమతి కూడా ప్రకటించారు. విచిత్రంగా, ఆ ఆగస్టులోనే కొన్న కొందరి పలకలు ఆండ్రాయిడ్ 2.2తో మొదలయ్యాయి. కర్మాగారంలో పరీక్షలకి వేసినది తుడవకుండా బయటికి వచ్చేసింది. అంటే ఆ లోపలి చిప్పు మీద, రెండు కోర్ల స్నాప్‌డ్రాగన్ మీద, ఆండ్రాయిడ్ నడుస్తుందని రుజువు దొరికినట్టే.

ఆ పని చేసినవాళ్ళు సయానోజెన్‌మాడ్ బృందం. స్టీవ్ కాండిక్ అనే ప్రోగ్రామరు 2009 ప్రాంతంలో తన ఫోన్ కోసం ఆండ్రాయిడ్‌ను మార్చి కట్టుకోవడంతో మొదలైన సమష్టి కృషి అది. జీతాలు లేవు, ఆఫీసు లేదు. పగలు ఉద్యోగాలు చేసుకుని రాత్రిళ్ళు కూర్చునేవాళ్ళు. 2011 అక్టోబరులో ఆండ్రాయిడ్ 2.3 ఆధారంగా టచ్‌ప్యాడ్‌కి తొలి సయానోజెన్‌మాడ్ విడుదల చేశారు. 2012 జనవరిలో 4.0 ఆధారంగా ఇంకొకటి. హెచ్‌పీ కూడా ఆ 2012 మొదట్లో, టచ్‌ప్యాడ్ మీద ఆండ్రాయిడ్ నడిపిన తన కెర్నెల్ మూలాన్ని వాళ్ళకి అందించింది.

నేను ఎప్పుడూ తలుచుకునే సంగతి ఒకటుంది. ఈ పలకకి తాళం లేదు. ఇతర కంపెనీల పరికరాల్లో సొంత వ్యవస్థ వేసుకోవాలంటే ముందు తాళం పగలగొట్టాలి, దానికి నెలలు పట్టేది. వెబ్‌ఓఎస్ రాసినవాళ్ళు మాత్రం లోపలికి దారి తెరిచే ఉంచారు. వెతికే గడిలో వెబ్‌ఓఎస్ అని రాసి, వెంటనే 20090606 అని కొడితే డెవలపర్ మోడ్ తెరుచుకుంటుంది. ఆ అంకె పామ్ ప్రీ అమ్మకానికి వచ్చిన తేదీ, 2009 జూన్ 6. తమ బిడ్డ పుట్టినరోజునే ఇంటి తాళంచెవిగా పెట్టి, అందరికీ చెప్పేసిన మనుషులు వాళ్ళు. ఆ దారి తెరిచి ఉండబట్టే పోటీదారు లోపలికి రాగలిగాడు. వచ్చి, పాతవాణ్ణి వెళ్ళగొట్టకుండా పక్కన చోటు చేసుకున్నాడు.

చోటు చేసుకోవడం ఎలాగంటే, రెండూ లైనక్స్ కెర్నెల్ మీద నిలబడ్డవే. పలక లోపలి నిల్వను గోడలు కట్టి కాక, జరపగలిగే తడికెలతో భాగాలు చేసినట్టు ఉంచారు. పాటలూ ఫొటోలూ ఉండే పెద్ద భాగాన్ని కొంచెం కుదించి, మిగిలిన చోటులో ఆండ్రాయిడ్‌కు మూడు చిన్న గదులు కట్టేది ఆక్మే ఇన్‌స్టాలర్ అనే ప్రోగ్రాము. వెబ్‌ఓఎస్ గదుల జోలికి పోదు. ఆ రెండింటి ముందు వాకిట్లో నిలబడి ఎటు వెళ్తారని అడిగేది మోబూట్. మొదట చెప్పిన నల్ల తెర అదే.

నా దగ్గరున్న రెండో పలక మీద నేను మొదటి సయానోజెన్‌మాడ్ వేసి చూశాను. అప్పటికీ డబ్బాలే. లోహిత్ తెలుగు ఫాంటు తెచ్చి సిస్టం ఫోల్డరులో పెట్టాను. డబ్బాలు పోయి అక్షరాలు వచ్చాయి, కానీ కూర్పు లేదు. శ్రీ అని ఉండాల్సిన చోట శ, దాని పక్కన విడిగా పొల్లు, తరవాత ర, చివర గాలిలో వేలాడే గుడిదీర్ఘం. ఆ తెర ఫొటో తీసి నాన్నకి మెయిల్లో పంపాను. ఆయన ఫోన్లో ఒక్క మాటే అడిగారు, "కేసు తట్టిపడేసినట్టుంది, ఎవరు కూరుస్తారు?"

ఆ ప్రశ్నకి జవాబు వెతుకుతూ నేను నేర్చుకున్నది నాకు ఇంజనీరింగు కాలేజీ నేర్పలేదు. యూనికోడ్‌లో తెలుగుకి 1991 నుంచీ చోటుంది. కానీ అందులో శ్రీ అన్న అక్షరం లేదు. శ, పొల్లు, ర, గుడిదీర్ఘం అనే నాలుగు సంకేతాలే ఉన్నాయి. వాటిని చూసి, ఇక్కడ రావత్తు వేసి గుడిదీర్ఘాన్ని తలకట్టు చోట కలపాలని తెలుసుకుని, ఫాంటులోంచి సరైన ఆకారాలు తీసి అమర్చే ప్రోగ్రాము వేరే ఉండాలి. అలాంటివాటిలో ఎక్కువమంది వాడేది హార్ఫ్‌బజ్. దాన్ని నడిపించిన బెహ్‌దాద్ ఎస్ఫహ్‌బోద్ ఇరాన్‌లో పుట్టినవాడు. హార్ఫ్‌బజ్ అన్నది పారశీ మాట, తెరిచిన అక్షరం అని అర్థం. దీన్నంతా నాన్నకి చెబుతుంటే ఆయన మధ్యలోనే ఆపారు. "రాసినాయన శ్రీ అని రాసిస్తాడు. ముక్కలు తీసి కూర్చేది కంపోజిటరు. మీ పలకలో కంపోజిటర్ లేడు, అంతేగా?"

అంతే. అప్పటికి పదేళ్ళుగా తెలుగు కంప్యూటర్ కథంతా ఆ కంపోజిటర్ కోసం వెతుకులాటే. 2000 దశకం మొదట్లో ఒక్కో తెలుగు దినపత్రికది ఒక్కో ఫాంటు, ఒక్కో సంకేతలిపి. ఒక పత్రికలో వాక్యాన్ని ఇంకోచోట అతికిస్తే పిచ్చి గీతలయ్యేవి. వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపడానికి ఫైర్‌ఫాక్స్‌లో పద్మ అనే పొడిగింపు ఉండేది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు చేసిన పోతన ఫాంటు, విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి, 2006లో వచ్చిన టైపింగు పనిముట్టు లేఖిని, ఇవన్నీ బల్ల మీది కంప్యూటర్లకి అక్షరాలు ఇచ్చాయి. చేతిలో పట్టుకునేవాటికి మాత్రం ఆలస్యమైంది. ఆ రోజుల్లో ఫోన్‌లో తెలుగు చదవాలంటే ఒపేరా మినీలో ఒక మూల సెట్టింగు మార్చుకునేవాళ్ళం. అప్పుడు దూరంగా ఉన్న వాళ్ళ సర్వరు తెలుగును కూర్చి, అక్షరాలను బొమ్మలుగా చేసి పంపేది. ఎంతమందికి అది ఆధారమైందో ఆ కాలంలో ఫోన్ వాడిన మనవాళ్ళకి తెలుసు.

2012 జూన్ చివర్లో గూగుల్ ఆండ్రాయిడ్ 4.1 ప్రకటించింది. పత్రికలన్నీ దాని వేగం గురించి, వెన్నలా జారే తెర గురించి రాశాయి. డెవలపర్ల కోసం ఇచ్చిన వివరాల్లో అడుగున ఒక వాక్యం ఉంది: కన్నడం, తెలుగు, మలయాళం లిపులకు మద్దతు చేర్చాం. ఆ వాక్యం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ ఏడాది చివరికి టచ్‌ప్యాడ్‌కి 4.1 ఆధారంగా సయానోజెన్‌మాడ్ 10 ప్రయత్న రూపాలు వచ్చాయి. డిసెంబరులో నేను తెనాలిలో దిగాను.

అది కరెంటు కోతల కాలం. పగలు ఇన్ని గంటలు, రాత్రి ఇన్ని గంటలు అని ఊరికో లెక్క. రాత్రి కోత అయ్యాక పదింటికి మొదలుపెట్టాను. ల్యాప్‌టాప్‌లో కావలసినవన్నీ సిద్ధం చేసి, పలకలో సీఎం‌ఇన్‌స్టాల్ అనే ఫోల్డరు పెట్టి మూడు నాలుగు జిప్ ఫైళ్ళు అందులోకి ఎక్కించాను. పలకని ఆపి, పవర్ బటన్, శబ్దం పెంచే బటన్ కలిపి నొక్కి పట్టుకుంటే తెర మీద పెద్ద యూఎస్‌బీ గుర్తు వెలిగింది. ల్యాప్‌టాప్‌లో నోవాకామ్ ఆదేశం కొట్టాను. ఆక్మే ఇన్‌స్టాలర్ పలక జ్ఞాపకంలోకి వెళ్ళి మేలుకుంది. పై మూలన రెండు పెంగ్విన్ బొమ్మలు, వాటి కింద చకచకా జారిపోయే అక్షరాలు. లైనక్స్ మొదలయ్యేటప్పుడు చిప్పులో ఎన్ని కోర్లుంటే అన్ని పెంగ్విన్లు నిలబడతాయి. నాన్న పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ప్రెస్సులో ట్రెడిల్ మిషను మొదటి కాగితం వదిలేదాకా నిలబడి చూసే అలవాటు ఆయనది. అమ్మ రెండుసార్లు వచ్చి, "నా స్కైప్ పోదు గదా?" అని అడిగి వెళ్ళింది.

ఆమె భయం నిజమైనదే. సయానోజెన్‌మాడ్‌లో ఆ పలక కెమెరా అప్పటికింకా పనిచెయ్యదు. కంపెనీ రాసిన డ్రైవర్లు లేకుండా, బయటివాళ్ళు చీకట్లో తడుముకుంటూ కట్టిన వ్యవస్థ. వైఫై, పాటలు, తెర అన్నీ కుదిరాయి, కెమెరా కుదరడానికి చాలాకాలం పట్టింది. పాతది తీసేసి కొత్తదే ఉంచితే నాన్నకి తెలుగు వస్తుంది, అమ్మకి నేను పోతాను. పాతదే ఉంచితే అమ్మకి నేనుంటాను, నాన్నకి డబ్బాలుంటాయి. ఒకే పలక మీద రెండు వ్యవస్థల్లో ఏది మంచిదని లెక్కలేనంత మంది వాదించుకున్నారు ఆ రోజుల్లో. ఇందులో బ్యాటరీ ఎక్కువసేపు వస్తుందనీ, అందులో యాప్‌లు ఎక్కువనీ. మా ఇంట్లో లెక్క వేరు.

పెంగ్విన్లు మాయమై పలక తిరిగి మొదలైంది. మోబూట్ పంక్తులు వచ్చాయి. సయానోజెన్‌మాడ్ దగ్గర ఆపి నొక్కాను. నీలి వలయం తిరిగి తిరిగి ఆగింది. వైఫై కలిపి, ఒక సంవత్సరం కిందట తెరిచిన వికీపీడియా పేజీనే తెరిచాను.

నాన్న పలకని చేతిలోకి తీసుకుని, దీపం వెలుగులో ప్రూఫు చూసినట్టు కొంచెం ఏటవాలుగా పట్టుకున్నారు. చూపుడువేలు పంక్తుల కింద నడిచింది. క్ష దగ్గర ఆగింది. జ్ఞ దగ్గర ఆగింది. ఒక చోట స్త్ర్య అనే కూర్పు తగిలింది, అక్కడ చాలాసేపు ఆగింది. "కూర్చాడమ్మా," అన్నారు. "మంచి పనివాడే. ఒత్తులు కొంచెం పీలగా వేశాడు, అయినా తప్పులేదు."

ఆ రోజు నుంచి మూడు నాలుగేళ్ళు ఆ పలక ఇద్దరు మనుషుల మధ్య రెండు వ్యవస్థలుగా తిరిగింది. ఉదయం నాన్న సయానోజెన్‌మాడ్‌లో పత్రికలు చదివేవారు. ఆదివారం ఎనిమిది కాబోతుంటే అమ్మ తీసుకుని ఆపి, మళ్ళీ వెలిగించి, పై పంక్తి నొక్కేది. మొదలవడానికి నిమిషం పైనే పట్టేది. ఆ నిమిషంలో స్టవ్ మీద పాలు పెట్టుకునేది. వాళ్ళకి బూట్‌లోడర్ అన్న మాట తెలియదు. అమ్మ "పై గీత" అనేది, నాన్న "కింది గీత" అనేవారు.

ఈలోగా బయట ప్రపంచంలో రెండు గీతలకీ రోజులు మారాయి. 2011 డిసెంబరులో వెబ్‌ఓఎస్ మూలాన్ని అందరికీ ఇచ్చేస్తామని హెచ్‌పీ ప్రకటించింది. 2012 సెప్టెంబరులో ఓపెన్ వెబ్‌ఓఎస్ 1.0 వచ్చింది. 2013లో ఎల్‌జీ దాన్ని కొనుక్కుని, తరవాత టీవీల్లో పెట్టింది. ఇప్పుడు మన ఊళ్ళలో గోడకి తగిలించిన ఎల్‌జీ స్మార్ట్ టీవీల్లో నడుస్తున్నది ఆ వంశమే. స్వచ్ఛందంగా పనిచేసే కొందరు లూన్‌ఓఎస్ పేరుతో ఆ పాత రూపాన్ని పలకల కోసం కొనసాగించారు. తమ విడుదలలకి కాఫీ రకాల పేర్లు పెట్టుకునేవారు. 2015 జనవరి 15న హెచ్‌పీ తన వెబ్‌ఓఎస్ సర్వర్లను ఆపేసింది. యాప్‌ల అంగడి మూతపడింది. ఆ తరవాత ఎవరైనా తమ పలకని పూర్తిగా తుడిచేస్తే, కొత్తగా ఖాతా తెరిచే మామూలు దారి లేదు. ఆ కబురు తెలిసిన రోజే నేను ఇంటికి ఫోన్ చేసి, ఎవరేమి చెప్పినా పలకలో అన్నీ తుడిచెయ్యమన్న బటన్ నొక్కొద్దని చెప్పాను. సయానోజెన్‌మాడ్ పేరు మీద పెట్టిన కంపెనీ 2016 డిసెంబరులో దానికి సంబంధించిన సేవలు ఆపేసింది. పని చేసే మనుషులు మాత్రం ఆగలేదు, లీనియేజ్‌ఓఎస్ అని పేరు మార్చుకుని సాగిపోయారు. 2011లో 49 రోజులకే చచ్చిపోయిందన్న పలక మీద 2018 నాటి ఆండ్రాయిడ్ 9 కూడా కొందరు నడిపించారు. 1 జీబీ ర్యామ్‌తో అది ఎంత నెమ్మదిగా నడిచినా, ఆ పట్టుదల చూస్తే నాకు కళ్ళు చెమరుస్తాయి.

అమ్మకి వాట్సాప్ ఉన్న ఫోన్ వచ్చాక పై గీతతో పని తీరింది. వెబ్‌ఓఎస్ ఇక మా ఇంట్లో ఊరికే ఉంటుందనుకున్నాను. నేను అనుకున్నది తప్పని నాన్న చూపించారు.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అని ఒకటుండేది. దాని వేరు కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పుట్టిన పది లక్షల పుస్తకాల పథకంలో ఉంది. దాన్ని ముందుండి నడిపించినవారిలో ముఖ్యుడు రాజ్ రెడ్డి గారు, చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న మనిషి. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ లాంటి చోట్ల పాత తెలుగు పుస్తకాలను పుట పుటా స్కాన్ చేసి పెట్టారు. ఆ తరవాత అవి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకీ చేరాయి. నాన్న ఒకసారి తన ప్రెస్సు కాలం నాటి పుస్తకాలు కావాలన్నారు. దింపి పలకలో పెట్టాను.

స్కాన్ చేసిన పుట అంటే బొమ్మ. అందులో సంకేతాలు లేవు, కూర్చాల్సిన పని లేదు. కూర్పు ఎప్పుడో, ఏ 1950లోనో, ఎవరో చేత్తో చేసేశారు. కాబట్టి తెలుగు ఒక్క అక్షరమూ రాని వెబ్‌ఓఎస్ ఆ పుటల్ని ఏ లోటూ లేకుండా చూపించింది. పలక తెర నాలుగుకి మూడు నిష్పత్తిలో ఉంటుంది, నిలువుగా పట్టుకుంటే డెమ్మీ సైజు పుస్తకం పుటకి దాదాపు సరిపోతుంది. పుస్తకాలు దొంతర పేకముక్కల్లా పక్కపక్కన తెరిచి ఉంటాయి. ఇందులోది చూసి అందులోకి వెళ్ళాలంటే ఒక్క వేలి జరుపు చాలు. నాన్నకి అది బల్ల మీద నాలుగు పుస్తకాలు పరుచుకున్నట్టు ఉండేది. నేను ఆయన కోసం నిద్ర మానుకుని ఎక్కించిన వ్యవస్థను వదిలి, పై గీతకే వచ్చేశారు.

ఇప్పుడు పాత ఆండ్రాయిడ్‌కి ఇవాళ్టి భద్రతా ధ్రువపత్రాలు తెలియక పత్రికల వెబ్‌సైట్లు చాలావరకు తెరుచుకోవు. నాన్న వార్తలు ఫోన్లో చూసుకుంటారు. పలక బ్యాటరీ రెండు గంటలు వస్తే గొప్ప, అందుకని ఎప్పుడూ తీగకి కట్టే ఉంటుంది. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు, పది సెకన్ల తరవాత తనంతట తాను ఎంచుకోవాల్సిన పేరును మోబూట్ ఫైలులో మార్చి వెబ్‌ఓఎస్ అని రాశాను. నాన్న చేతులు వణుకుతున్నాయి, బటన్లు నొక్కడం కష్టంగా ఉంది. ఇప్పుడు వెలిగించి ఊరికే కూర్చుంటే చాలు.

భోగి రోజు మధ్యాహ్నం ఆయన పలక దగ్గరికి పిలిచారు. తెర మీద ఒక పాత నవల పుట, రెండు వేళ్ళతో బాగా పెద్దది చేసి పెట్టారు. మూడో పంక్తిలో ఒక 'క'. తలకట్టు కుడి కొస విరిగి, చిన్న ముక్క ఎగిరిపోయి ఉంది. "ఇది 14వ పుట," అన్నారు. పేకముక్క జరిపి ఇంకో పుట చూపించారు. 30. మళ్ళీ అదే క, అదే విరుపు. ఒక ఫారం అచ్చయ్యాక అక్షరాలన్నీ విడగొట్టి మళ్ళీ కేసులో పోస్తారు, ఆ విరిగిన అక్షరం తిరిగి ఎవరి వేలికో దొరుకుతుంది, తరవాతి ఫారంలో ఇంకెక్కడో తేలుతుంది. ఆ అక్షరం ఎన్నిసార్లు కేసులోకి వెళ్ళి వచ్చిందో లెక్క తీస్తే ఆ ప్రెస్సులో ఒకేసారి ఎన్ని పుటలకు సరిపడా సీసం ఉండేదో తెలుస్తుందని ఆయన చెప్పారు.

నన్ను కాగితం, పెన్సిలు తెమ్మన్నారు. ఆయన పుటలు జరుపుతూ అంకెలు చెబుతుంటే నేను రాసుకున్నాను. సాయంత్రానికి 110వ పుట దాకా వచ్చాం. విరిగిన క ఐదుసార్లు దొరికింది.